పోర్ట్ బ్లెయిర్‌లో పదకొండున్నర బెలూన్

పోర్ట్ బ్లెయిర్‌లో గడియారం ఒకటి చెబుతుంది, సూర్యుడు ఇంకొకటి చెబుతాడు. మన దేశం మొత్తానికీ టైమ్ ఒకటే. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, అంటే కాకినాడ పక్క నుంచి పోయే గీత, దానికి ఆధారం. పోర్ట్ బ్లెయిర్ ఉన్నదేమో 92.7 డిగ్రీల దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కేస్తే అక్కడి సూర్యుడు మన గడియారం కంటే 40 నిమిషాలు ముందు నడుస్తాడు. మే నెలలో అయిదింటికల్లా తెల్లారిపోతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదుకే పొద్దు మునిగిపోతుంది. ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు గానీ నా నోటికి పాత పేరే అలవాటు.

అక్కడ వాతావరణ శాఖలో బెలూన్లు ఎగరేసే ఉద్యోగం నాది. ప్రపంచంలో ఎక్కడైనా రేడియోసాండ్ బెలూన్లు, అంటే పైగాలి వివరాలు రేడియోలో పంపే పెట్టె కట్టినవి, ఎగరేసే ముఖ్యమైన వేళలు రెండు: గ్రీనిచ్ లెక్కన సున్నా గంటలు, పన్నెండు గంటలు. మనకు అది పొద్దున అయిదున్నర, సాయంత్రం అయిదున్నర. అందరూ ఒకే క్షణాన ఎగరేస్తేనే భూగోళం మొత్తానికి ఒక మ్యాప్ గీయగలం కాబట్టి ఆ పద్ధతి సబబే. కానీ పోర్ట్ బ్లెయిర్‌కి ఆ రెండు వేళలూ సరిగ్గా పొద్దు పొడిచేటప్పుడూ, పొద్దు గుంకేటప్పుడూ పడతాయి. ద్వీపం ఎండకి కాగి, కొండల మీద మబ్బు కట్టి, వాన కురిసి, మళ్ళీ చల్లబడే కథంతా ఆ రెండు బెలూన్ల మధ్యలోనే నడిచిపోయేది. మా పరికరాలకు అది కనబడేదే కాదు.

నేను అక్కడికి వెళ్ళింది 80ల చివర్లో, విశాఖపట్నం నుంచి ఓడ మీద. మూడో రోజుకి పచ్చని కొండలు కనిపించాయి. ఓడ దిగేసరికి నాలుగు వైపుల నుంచీ ఉత్తరాంధ్ర యాస వినబడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ బోలెడు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన మత్స్యకారుల ఇళ్ళే. బయటంతా హిందీ, ఇళ్ళల్లో తెలుగు. పిల్లలైతే ఒకే వాక్యంలో రెండూ కలిపేసేవాళ్ళు. నేను విజయనగరం వాణ్ణి కాబట్టి, ఇంటికి దూరంగా ఉన్నానన్న బెంగ వారం కూడా నిలవలేదు.

ద్వీపం గురించి కాస్త చెప్పాలి. అండమాన్ అంటే మయన్మార్‌లోని ఆరకాన్ పర్వతాల వరుస సముద్రంలోకి దిగి మళ్ళీ తల ఎత్తిన భాగం. అందుకే దక్షిణ అండమాన్ ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగ్గా, తూర్పు పడమరలకు సన్నగా ఉంటుంది. కొండలు కూడా ఆ పొడవునే సాగుతాయి. పెద్ద ఎత్తేమీ కాదు. ఊరికి ఎదురుగా నీళ్ళకవతల కనబడే మౌంట్ హారియెట్ 400 మీటర్ల లోపే. దాన్ని ఇప్పుడు మౌంట్ మణిపూర్ అంటున్నారు. అండమాన్ దీవులన్నిటిలో ఎత్తయిన శాడిల్ పీక్ ఉత్తరాన ఎక్కడో ఉంది, అదీ 730 మీటర్ల పైచిలుకే. మన అరకు కొండలు చూసినవాళ్ళకి ఇవి గుట్టల్లా అనిపిస్తాయి. కానీ చుట్టూ వందల కిలోమీటర్లు చదునైన నీళ్ళున్నప్పుడు గాలికి ఆ గుట్టే పెద్ద అడ్డం.

మా స్టేషన్ సముద్రమట్టానికి 79 మీటర్ల ఎత్తున ఉంది. డ్యూటీ అంటే ఏముంది, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, హైడ్రోజన్ షెడ్డు తలుపులు తీసి గాలి ఆడనివ్వడం, బెలూన్ నింపడం. షెడ్డు దరిదాపుల్లో అగ్గిపుల్ల కనబడకూడదు. బీడీ అలవాటున్న ఒక హెల్పర్ ఉండేవాడు. అతన్ని గేటు దగ్గరే ఆపి జేబులు తడిమి పంపడం మా సీనియర్‌కి రోజూ ఒక కార్యక్రమం. రేడియోసాండ్ అంటే చిన్న పెట్టె. అందులో ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచే పరికరాలు, ఒక చిన్న ట్రాన్స్‌మిటర్, నీళ్ళలో నానబెడితే పనిచేసే బ్యాటరీ ఉండేవి. దొరికినవాళ్ళు తిరిగి ఇవ్వమని దాని మీద ఒక చీటీ కూడా. మెయిన్‌లాండ్‌లో అయితే ఎవరో రైతు తెచ్చి ఇస్తాడు. మా పెట్టెలన్నీ బంగాళాఖాతానికో, అండమాన్ సముద్రానికో సమర్పణ. ఆ చీటీ చదివే చేప ఇంకా పుట్టలేదని మా వాళ్ళ జోకు.

ఆ పెట్టె నిమిషానికి దాదాపు 300 మీటర్లు ఎక్కుతుంది. అంటే నేల నుంచి మొదటి కిలోమీటరున్నర అయిదు నిమిషాల్లో దాటేస్తుంది. పైన 25, 30 కిలోమీటర్ల దాకా ఎగిరే బెలూన్‌కి ఆ మొదటి అయిదు నిమిషాలు లెక్కలోవి కావు. పైగా షెడ్డులోంచి బయటికొచ్చిన సెన్సర్‌కి బయటి గాలి అలవాటు కావడానికి కొంత టైమ్ పడుతుంది. ఆ రోజుల్లో సాండ్ ఉష్ణోగ్రతనీ, తేమనీ వంతులవారీగా పంపేది. అందువల్ల అడుగు పొర గురించి మాకు దక్కేవి నాలుగైదు చుక్కలే. ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత, తేమ ఎలా మారాయో గీసే టెఫిగ్రామ్ కాగితం మీద పెన్సిల్‌తో వాటిని కలిపితే ఒక గీత వచ్చేది. దాన్ని చూసి అక్కడి గాలి ఇలా ఉందనడం, నాకైతే ఎప్పుడూ కొంచెం సాహసంగానే తోచేది.

సందేశం పంపేటప్పుడు ఇంకో తమాషా. అందరూ తప్పనిసరిగా చెప్పాల్సిన మట్టాలు కొన్ని ఉంటాయి. వాటికి అక్కడి గాలి పీడనమే పేరు. అప్పట్లో 1000 మిల్లీబార్ల తర్వాత ఏకంగా 850. మొదటిది సముద్రమట్టానికి దగ్గర్లోనే, రెండోది కిలోమీటరున్నర ఎత్తున. మధ్యలో గాలి గణనీయంగా మారితే విడిగా చెప్పొచ్చు గానీ, తప్పనిసరి మెట్టు మాత్రం లేదు. ద్వీపం సొంత వాతావరణమంతా ఆ మెట్టు లేని చోటే ఉండేది. 90ల మొదట్లో 925 అనే మట్టాన్ని కలిపారు. ఆ సర్క్యులర్ చూసి నాకు పండగలా అనిపించింది. పక్క టేబుల్ ఆయన మాత్రం "ఇంకో లైను పని పెరిగింది" అని విసుక్కున్నాడు.

మధ్యాహ్నం గురించి చెప్పే బెలూన్ ఇంకొకటి ఉండేది. పదకొండున్నరకి ఎగరేసే పైలట్ బెలూన్. అక్కడి సూర్యుడి లెక్కన అది దాదాపు నడినెత్తిన ఎండ వేళ. దానికి పెట్టె ఉండదు, ఉష్ణోగ్రత తెలియదు. ఉత్త బుడగ. ఆకాశం నిర్మలంగా ఉంటే తెల్లది, మబ్బులుంటే ఎర్రదో నల్లదో ఎగరేసి, కోణాలు కొలిచే దుర్భిణి లాంటి థియోడొలైట్‌లో కన్ను పెట్టి, నిమిషానికొకసారి అది ఎంత ఎత్తు కోణంలో ఉందో, ఏ దిక్కున ఉందో చదవడమే పని. ఒకరు చదువుతుంటే ఒకరు రాసేవాళ్ళం. రాత్రి బెలూన్‌కి చిన్న దీపం కట్టేవాళ్ళం. నక్షత్రాల మధ్య దాన్ని పోగొట్టుకోకుండా పట్టుకోవడం వేరే విద్య. అందరికీ మర్యాదగల పని రేడియోసాండ్. పైలట్ బెలూన్ డ్యూటీ అంటే మెడనొప్పి, కంటిమంట, నెత్తి మీద ఎండ. నాకు మాత్రం అదే ఇష్టం. గాలి ఎలా కదులుతోందో మన కంటితో చూస్తున్నట్టు ఉండేది.

ఏప్రిల్లో ఆ బెలూన్ ఆట చూడాలి. అప్పటికి ఈశాన్యపు గాలులు పోయి ఉంటాయి, నైరుతి ఇంకా రాదు. గాలి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ద్వీపానికి తన మాట తాను చెప్పుకునే అవకాశం దొరుకుతుంది. నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. తూర్పు తీరం నుంచి ఒక సముద్రపు గాలి, పడమటి తీరం నుంచి ఇంకొకటి లోపలికి వస్తాయి. సన్నటి ద్వీపం కదా, రెండూ ఎక్కువ దూరం పోకుండానే కొండల వెన్ను దగ్గర ఎదురుపడతాయి. మా స్టేషన్ తూర్పు ఒడ్డున ఉంది. బెలూన్ వదలగానే ఊరి మీదుగా పడమటికి, కొండల వైపు నడిచేది. నాలుగైదు నిమిషాలకి తటపటాయించి, ఒక్కోసారి థియోడొలైట్‌లో కదలకుండా నిలబడి, తర్వాత వచ్చిన దారినే వెనక్కి తిరిగేది. కింద ద్వీపం తనవైపు లాక్కున్న గాలి, పైన సముద్రమంతటా వీచే పెద్ద గాలి. వాటి మధ్య సరిహద్దు ఎక్కడుందో ఆ మలుపు చెప్పేది. అలాంటి రోజు రెండు మూడింటికి కొండల మీద మబ్బు గోపురంలా లేచి ఉరుములు ఉరిమేది. పొద్దున సాండ్ చూసినవాళ్ళకి దాని ఆనవాలు కూడా అందదు. సాయంత్రం సాండ్ వేళకి వాన వెలిసి గాలి చల్లబడి ఉండేది.

జంగ్లీఘాట్‌లో ఒక ముసలి మత్స్యకారుడు ఉండేవాడు, మా ఇంటికి చేపలు తెచ్చేవాడు. ఆయనకి మా బుడగ మీద మహా ఆసక్తి. "ఏటి బాబూ, ఇయ్యాల బుడగ ఎటెల్లింది?" అని అడిగేవాడు. కొండల వైపు వెళ్ళి వెనక్కి వచ్చింది తాతా అంటే, "అయితే మజ్జానం ఎల్లకూడదు, గట్టు మీద మబ్బు కాస్తాది" అనేవాడు. మేం అంత కష్టపడి లెక్క కట్టేదాన్ని ఆయన ఒక్క ప్రశ్నతో ముగించేవాడు. ఆయన చెప్పినదంతా నిజమయ్యేదని కాదు. అమావాస్య గురించీ, కాకుల గురించీ ఆయనకున్న సిద్ధాంతాలు నేను ఒప్పుకోలేదు. గాలి విషయంలో మాత్రం ఆయన మాట పక్కన పెట్టలేకపోయేవాణ్ణి.

మే మూడో వారానికి నైరుతి రుతుపవనం అండమాన్ సముద్రం మీదికి వచ్చేస్తుంది. ఆ వార్త కోసం దేశమంతా ఎదురుచూస్తుంది. టీవీలో "అండమాన్‌ను తాకిన రుతుపవనాలు" అన్నప్పుడల్లా మా అమ్మ విజయనగరంలో ఇరుగుపొరుగుతో "మావాడు పంపించాడు" అని చెప్పేదట. రుతుపవనం వచ్చాక ద్వీపం గొంతు పెగలదు. కిలోమీటరు పైన బలమైన పడమటి గాలి ఉంటుంది, సముద్రపు గాలీ నేల గాలీ అందులో కొట్టుకుపోతాయి. అప్పుడు ఎండ పాత్ర తగ్గి కొండల పాత్ర మొదలవుతుంది. గాలి పడమటి నుంచి వచ్చి, వెన్ను ఎక్కి, మా వైపు దిగుతుంది. అలా దిగే గాలిలో బెలూన్ ఎగరేయడం పెద్ద టెన్షన్. నిటారుగా ఎక్కాల్సింది ఒక్కసారిగా తల వంచి చెట్ల మీదికి జారేది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఒక్క థియోడొలైట్‌తో చూసేటప్పుడు మనకు కోణాలే తెలుస్తాయి, ఎత్తు తెలియదు. బెలూన్ సైజునీ, నింపిన గ్యాస్‌నీ బట్టి అది నిమిషానికి ఇన్ని మీటర్లు ఎక్కుతుందని ముందే అనుకుంటాం. 150 నుంచి 200 మీటర్ల దాకా ఎంతో కొంత. ఆ ఎత్తునీ, కోణాన్నీ కలిపితే దూరం వస్తుంది, దూరం మారిన తీరు నుంచి గాలి వేగం వస్తుంది. చదునైన నేల మీద ఇది బాగానే పనిచేస్తుంది. కొండల వెనక గాలి కిందికి తోస్తుంటే, బెలూన్ మనం అనుకున్న ఎత్తుకు చేరదు. కోణం తగ్గుతుంది. లెక్కేమో బెలూన్ చాలా దూరం పోయిందనుకుని గాలి వేగం ఎక్కువ చేసి చెబుతుంది. గాలి పైకి లేస్తుంటే ఇదంతా తిరగబడి, వేగం తక్కువ చేసి చెబుతుంది. అంటే కొండ ప్రభావాన్ని కొలవడానికి వెళితే, అదే కొండ మన కొలతను చెడగొడుతోంది.

ఈ సంగతి తేల్చాలని మన వైపు నుంచి ఒక పరిశోధక విద్యార్థి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో రెండు పెన్సిళ్ళు. నన్ను "సార్" అని పిలిచేవాడు, మా ఆవిడని మొదటి రోజే "అక్కా" అన్నాడు. దాంతో భోజనం సమస్య తీరిపోయింది. అతని పథకం సులువైనదే. రెండో థియోడొలైట్‌ని కొంత దూరంలో ఇంకో గుట్ట మీద పెట్టి, ఒకే బెలూన్‌ని ఇద్దరూ ఒకే క్షణంలో చదవాలి. రెండు చోట్ల నుంచి కోణాలు తెలిస్తే ఎత్తు ఊహించాల్సిన పని ఉండదు, త్రికోణమితే చెబుతుంది. సెలవు రోజుల్లో, డ్యూటీ లేని పూటల్లో నేను రెండో థియోడొలైట్ దగ్గర కూర్చునేవాణ్ణి. పొద్దున రేడియోలో సమయం చెప్పే పిప్పులకి ఇద్దరి గడియారాలూ సరిచేసుకునేవాళ్ళం. అర నిమిషానికొక రీడింగ్. జలగలు కాళ్ళకి పట్టేవి, లెన్సుల మీద బూజు పట్టేది. థియోడొలైట్ పెట్టెలో సిలికా జెల్ వేయకపోతే నెల తిరిగేసరికి బెలూన్ బదులు బూజే కనిపిస్తుంది. నల్లమబ్బు రోజుల్లో రెండు నిమిషాలకే బెలూన్ మాయమయ్యేది. అంతా సర్దుకుని తిరిగి రావడమే.

దొరికిన రోజులు మాత్రం దొరికాయి. రాత్రి మా వంటింటి బల్ల మీద లాగరిథమ్ టేబుళ్ళు పరుచుకుని ఇద్దరం లెక్కలు చేసేవాళ్ళం. కొండల వైపు నుంచి గట్టి గాలి ఉన్న రోజున బెలూన్ నాలుగో నిమిషంలో ఉండాల్సిన ఎత్తుకి అయిదో నిమిషం దాటితేగానీ చేరలేదని తేలినప్పుడు, అతను కుర్చీలోంచి లేచి "సార్, గాలి దిగుతోంది సార్!" అని అరిచాడు. పడుకున్న మా అబ్బాయి లేచి ఏడుపు. మా ఆవిడకి కోపం. ఆ అంకెలు మళ్ళీ మళ్ళీ సరిచూశాం. నిజమే.

ఇంకో పని కూడా చేశాం. సాండ్ మధ్యాహ్నం ఎగరదు కాబట్టి, కొండనే స్తంభంగా వాడుకుందామన్నాడు. చాతమ్ జెట్టీ నుంచి ఫెర్రీ ఎక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగి, అనుమతి తీసుకుని మౌంట్ హారియెట్ పైన ఒక థర్మోగ్రాఫ్ పెట్టాం. డ్రమ్ముకి చుట్టిన కాగితం మీద వారం రోజుల ఉష్ణోగ్రతని సిరాతో గీసే గడియారపు యంత్రం. వారానికొకసారి వెళ్ళి కాగితం మార్చాలి. మా స్టేషన్‌కీ ఆ శిఖరానికీ దాదాపు 300 మీటర్ల తేడా. మబ్బు కట్టని గాలి బాగా కలగలిసిపోయినప్పుడు కిలోమీటరుకి 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. అంటే రెండు చోట్లకీ 3 డిగ్రీల తేడా రావాలి. ఎండ కాసిన మధ్యాహ్నాలు అదే వచ్చేది. శిఖరం మబ్బులో మునిగిన రోజుల్లో ఆవిరి నీరవుతూ వేడి వదులుతుంది కాబట్టి తేడా అంతకంటే తగ్గిపోయేది. కొండ మీది గాలీ, అదే ఎత్తున ఖాళీగా ఉన్న గాలీ ఒకటి కావు. అడవి నీడ, తడి నేల తమ వంతు మార్పులు చేస్తాయి. అతనికి అది నాకంటే బాగా తెలుసు. అయినా అసలు ఏమీ లేని చోట ఆ సిరా గీత చాలా చెప్పింది.

మబ్బు ఎంత ఎత్తున కడుతుందో మేం నోటి లెక్కగా చెప్పేసేవాళ్ళం. గాలి ఉష్ణోగ్రతకీ, మంచు బిందువుకీ (గాలి చల్లబడుతూ అందులోని తేమ నీరవడం మొదలయ్యే ఉష్ణోగ్రతకీ) ఎన్ని డిగ్రీల తేడా ఉంటే, దాన్ని 125తో గుణిస్తే మీటర్లలో మబ్బు అడుగు వస్తుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 25 డిగ్రీల మంచు బిందువు అయితే 625 మీటర్లు, మౌంట్ హారియెట్ తల బయటే ఉంటుంది. వాన పడి తేడా 2 డిగ్రీలకు తగ్గిందా, కొండ మబ్బులో కలిసిపోతుంది. ఫెర్రీలో కొండని చూసి ఇవాళ తేమ ఎంతో చెప్పే పందెం పెట్టుకునేవాళ్ళం. టీ ఖర్చు ఓడినవాళ్ళది. ఆ టీలలో ఎక్కువ భాగం నావే.

1991లో బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం చాలా దశాబ్దాల తర్వాత మళ్ళీ నిప్పులు కక్కింది. పోర్ట్ బ్లెయిర్‌కి 130 కిలోమీటర్ల పైనే దూరం. ఊళ్ళో ఒకటే కంగారు, బూడిద మన మీదికి వస్తుందా అని. మార్కెట్‌కి వెళ్తే కూరగాయల వాడు కూడా నన్ను ఆపి అడిగేవాడు. ఆ ద్వీపం మాకు ఈశాన్యంగా ఉంది. నైరుతి గాలి నిలదొక్కుకున్నాక పొగ మాకు దూరంగానే పోతుంది. అది చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు గానీ, నా ఉద్యోగ జీవితంలో నా మాటకి అంత విలువ ఇంకెప్పుడూ దొరకలేదు.

తర్వాత బదిలీ అయి మెయిన్‌లాండ్‌కి వచ్చేశాను. 1999లో బంగాళాఖాతంలో రుతుపవనాలను పరిశీలించే బాబ్‌మెక్స్ ప్రయోగం జరిగినప్పుడు సాగర కన్య, ఐఎన్ఎస్ సాగరధ్వని ఓడల మీద కొలతలు తీసుకున్నారు, బెలూన్లూ ఎగరేశారు. నట్టనడి సముద్రం మీద అడుగు పొర ఎలా ఉంటుందో ఆ కొలతలు చూశాక, మా ద్వీపం ఆ గాలికి ఏమి చేసేదో నాకు ఇంకా బాగా అర్థమైంది. రాత్రికీ పగటికీ సముద్రం మీద ఉష్ణోగ్రత పెద్దగా కదలదు. మా నేల రోజూ కాగి, రోజూ చల్లారేది. ఇప్పుడు జీపీఎస్ సాండ్‌లు వచ్చి సెకను సెకనుకీ రీడింగ్ ఇస్తున్నాయి. మేం నాలుగు చుక్కలతో సరిపెట్టుకున్న చోట ఇప్పుడు వందల అంకెలు.

రిటైరయ్యాక పొద్దున్నే టీ తాగుతూ ఇంటర్నెట్‌లో 43333 అని కొట్టి పోర్ట్ బ్లెయిర్ సాండ్ చూడటం అలవాటైంది. అది ఆ స్టేషన్ నంబరు. అడుగున ఉన్న వరుసలే చదువుతాను. పైన 30 కిలోమీటర్ల దగ్గర ఏమైతే నాకేం. అప్పటి కుర్రాడు ఇప్పుడు జుట్టు నెరిసిన ప్రొఫెసర్. మొన్న ఫోన్ చేసి, చిన్న డ్రోన్లకే థర్మామీటర్లు కట్టి కిలోమీటరు ఎత్తు దాకా పంపుతున్నారనీ, కావాలంటే గంటకొకసారి ఎగరేయొచ్చనీ చెప్పాడు. అనుమతులు దొరికితే ఏప్రిల్లో ఇద్దరు పిల్లల్ని తీసుకుని పోర్ట్ బ్లెయిర్ వెళ్తాడట. "మీరూ రండి సార్, అక్కని కూడా తీసుకురండి" అన్నాడు. ఎన్నింటికి ఎగరేస్తావురా అని అడిగాను. "పదకొండున్నరకి మొదలుపెట్టి వాన పడేదాకా" అన్నాడు. మా ఆవిడ అప్పుడే విశాఖ నుంచి విమానం టికెట్లు ఎంతో చూడటం మొదలుపెట్టింది.